రోగాల పేజీ

పాలసీ అప్లికేషనులో రోగాల గురించి అడిగే పేజీ ఒకటి ఉంటుంది. మా అల్లుడి కాగితంలో ఆ పేజీని ఎవరూ చదవలేదు. చదవనివ్వని దాన్ని నేనే. ఈ ముక్క ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు రాస్తుంటే కూడా నోట్లో చేదు ఊరుతోంది. నా మీద నాకు రోత, మా వాళ్ళ మీద రోత, రోగాన్ని చీర కొంగులో దాచుకుని తిరిగే మా ఇళ్ళ పద్ధతి మీద మరీ రోత.

నేను చదివింది మూడో తరగతి. కూడబలుక్కుని చదువుతాను, సంతకం పెడతాను. ఇందులో అక్షరాల తప్పులు మనవరాలు దిద్దింది. మాటలు మాత్రం నావే, వాటి జోలికి రావద్దని ముందే చెప్పాను.

తొంభైల చివర్లో సంగతి. మా ఊరు పెదకాకానికి దగ్గర. కూతుర్ని ఇచ్చిన ఊరు గుంటూరు దాటాక ఇంకో గంట బస్సు. అల్లుడి వాళ్ళు మొదట్లో పొదిలి వైపు మెట్ట రైతులు. వానల కోసం ఎదురుచూసి చూసి విసిగిపోయి, ఉన్నది అమ్ముకుని ఇటొచ్చి రెండెకరాలు కొన్నారు. మరికొంత కౌలుకు పట్టి మిరప, పత్తి వేసేవాళ్ళు. అల్లుడు తాగడు, పేకాడడు, పెళ్ళాం మీద చెయ్యెత్తడు. తెల్లారేసరికి చేలో ఉంటాడు. ముప్పై దాటిన ఏడాదికి ఆ మనిషికి షుగరు పట్టుకుంది.

షుగరు రావడం తప్పు కాదు. మందు వేసుకుంటే మనిషి బాగానే ఉంటాడు. కానీ ఆ ఇంట్లో ఆ మాట పైకి అనకూడదు. వియ్యపురాలి ఆజ్ఞ. "ఇద్దరు ఆడపిల్లలు పెరుగుతున్నారు. రేపు తండ్రికి షుగరంటే ఎవడొస్తాడు వదినా మన గుమ్మంలోకి?" అనేది. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. బిళ్ళలు కందిపప్పు డబ్బాలో దాచేవాళ్ళు. పెళ్ళిళ్ళకు పోతే అందరూ చూస్తారని ఆ పిల్లవాడు విస్తట్లో పూర్ణం బూరెలు రెండేసి తినేవాడు. వడ్డించేవాడు మూడోది వేస్తే అదీ తినేవాడు. ఇంటికొచ్చి ఇంకో బిళ్ళ మింగేవాడు. ఊరికి ఆరోగ్యంగా కనపడటం కోసం ఒక మనిషి విషం తినడం నేను కళ్ళారా చూశాను. చూసి, "పోన్లే, ఎవరూ కనిపెట్టలేదు" అని సంతోషపడ్డాను.

మా తమ్ముడు బడిపంతులు. పాలసీలు కూడా కట్టించేవాడు. ఏజెన్సీ మా మరదలి పేరు మీద, తిరిగేది వీడు. ఎవరికి మిరపకాయలు బాగా పలికాయో యార్డులో హమాలీల కన్నా వీడికే ముందు తెలిసేది. ఆ ఏడాది అల్లుడికి నాలుగు డబ్బులు కనపడ్డాయి. ఒక శుక్రవారం పొద్దున్నే తమ్ముడు డజను అరటిపళ్ళు పట్టుకుని వాళ్ళింట్లో దిగాడు. మిరపలో తాలుకాయలు ఏరడానికి సాయమొచ్చి నేనూ అక్కడే ఉన్నాను.

కొత్త కాగితం ఏదైనా సరే, మా ఇళ్ళల్లో ముందు దీపం వెలిగించి, మూలలకు పసుపు రాస్తాం. శుభలేఖకైనా అంతే, పొలం దస్తావేజుకైనా అంతే. నేను పసుపు గిన్నెతో వచ్చాను.

"ఒక్క మూలకు చాలక్కా. నాలుగు మూలలా పూస్తే ఆఫీసులో నన్ను తిడతారు" అన్నాడు తమ్ముడు.

"తిడితే పడు. నీ కమిషను ఎక్కడికీ పోదులే" అన్నాను.

అల్లుణ్ణి తూర్పు ముఖంగా కూర్చోబెట్టాం. పేరు, తండ్రి పేరు, వయసు, పొలం ఎంత, అన్నీ రాశాడు. పేజీ తిప్పి గొంతు సవరించుకుని బళ్ళో పాఠం చదివినట్టు మొదలుపెట్టాడు. "గుండెజబ్బు ఉందా? క్షయ ఉందా? షుగరు, రక్తపోటు, కాన్సరు..."

"ఒరేయ్, నోరు ముయ్యి! దీపం ముందు కూర్చుని ఆ పేర్లేందిరా?" అన్నాను.

"ఫారంలో ఉన్నాయక్కా, అడగాలి."

"అడక్కు. అన్నిటికీ లేదని రాసి పారెయ్. ఇంకో పావుగంటలో వర్జ్యం వస్తంది. ఆలోపు సంతకాలు అయిపోవాలి."

అల్లుడు ఒక్కడే నసిగాడు. "బాబాయ్ గారూ, మరి నా షుగరు సంగతి..."

వంటింటి గుమ్మంలోంచి వియ్యపురాలు అందుకుంది. "షుగరేందిరా? నీకు యాడుంది షుగరు? వేడి చేసింది, అంతే. మజ్జిగ తాగితే పోద్ది."

తమ్ముడు గొంతు తగ్గించాడు. "అబ్బాయ్, అది రాశామనుకో, డాక్టరు దగ్గరికి పొమ్మంటారు, పరీక్షలంటారు, ప్రీమియం పెంచుతారు. పైకి కనపడని దాన్ని మనమెందుకు కెలుక్కోవటం?"

ప్రీమియం పెంచుతారన్న మాట నా చెవిన గట్టిగా పడింది. పొయ్యిలో పుల్ల కాలడం ఆగిపోతే బయటికి లాగి రేపటికి దాచే మనిషిని నేను. ఊరికే ఎక్కువ కట్టడమేమిటి? "అయితే అసలు రాయొద్దు" అన్నాను.

వాడు పైనుంచి కిందికి లేదు, లేదు, లేదు అని రాసుకుంటూ పోయాడు. పెన్ను ఎక్కడా ఆగలేదు. అల్లుడు సంతకం చేశాడు. సాక్షిగా నేను చేశాను. వర్జ్యం రాకముందే పని ముగిసింది. తలా ఒక అరటిపండు తిన్నాం. నా సంతకం గుండ్రంగా కుదిరిందని తమ్ముడు మెచ్చుకుంటే మురిసిపోయాను కూడా. ఎంత సిగ్గులేనితనం!

రెండేళ్ళు నిండలేదు. ఎండాకాలం, కళ్ళంలో కాయలు ఆరబోసి తిరగేస్తూ ఉన్నవాడు ఉన్నట్టే కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట, గుండెల్లో బండ పెట్టినట్టుందన్నాడట. ఎవరిదో జీపులో గుంటూరు తీసుకొచ్చారు. కబురందుకుని నేను నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. కూతురు గోడకు ఆనుకుని కూలబడి ఉంది. కాగితం, పెన్ను పట్టుకుని ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది.

"పేషెంటుకి ఏమవుతారండీ?"

"అత్తనమ్మా."

"షుగరు ఉందా? ఎన్నాళ్ళనుంచి?"

ఒక్క క్షణం ఆలోచించలేదు. "ఆరేళ్ళనుంచి తల్లీ. పొద్దునొక బిళ్ళ, సాయంత్రమొక బిళ్ళ. మధ్యలో మూణ్ణెల్లు మానేశాడు కూడా" అన్నాను. ప్రాణం కాపాడే మనిషితో అబద్ధమాడతామా! ఆ అమ్మాయి అంతా రాసుకుని, చెప్పినవారు అత్తగారు అని కింద రాసి, నా చేత సంతకం పెట్టించుకుంది.

మూడో రోజు మనిషి దక్కలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక అందరి చూపూ పాలసీ మీదే. మగదిక్కు లేని ఇల్లు. కౌలు పొలం ఎలాగూ వదిలేసుకోవాలి. పాలసీ డబ్బొస్తే సొంత రెండెకరాలు నిలుస్తాయి, పిల్లలిద్దరూ బడిలో ఉంటారు. రాకపోతే ఆ రెండెకరాలు అమ్మాలి, నా కూతురు కూలికి పోవాలి. ఈ రెంటికీ మధ్య ఇంకో దారేమీ లేదు.

"మీరు దిగులు పడకండి, నేనున్నాగా" అన్నాడు తమ్ముడు. కాగితాలన్నీ వాడే పంపాడు. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చాడు. ఈసారి వాడి ముఖంలో కళ లేదు. పాలసీ తీసుకున్నాక ఇంత తొందరగా మనిషి పోతే కంపెనీ నుంచి విచారణకు వస్తారట. అందరినీ వరండాలో కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"షుగరనే మాట ఎవరి నోటా రాకూడదు. ఏనాడూ జలుబు కూడా చెయ్యలేదనాలి. పక్కింటోళ్ళకు కూడా చెప్పాను. టీ కొట్టు వాడికి కూడా చెప్పాను, ఆయనకు చక్కెర లేకుండా పోశానని వాగొద్దని."

"నువ్వు చెప్పందెవరికయ్యా?" అంది మా వియ్యపురాలు.

"పోయినాయనకే" అన్నాడు వాడు, తమాషాగా. నా కూతురు లేచి లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడైనా వాణ్ణి గెంటాల్సింది. గెంటలేదు. పైగా ఎలా మాట్లాడాలో రెండుసార్లు నాలో నేను చెప్పుకుని చూసుకున్నాను.

విచారణకు వచ్చినాయన నడివయసు మనిషి. స్కూటరు మీద వచ్చాడు. కాఫీ ఇస్తే వద్దన్నాడు, మంచినీళ్ళు మాత్రం తాగాడు. నా కూతుర్ని పెద్దగా కదిలించలేదు. "మీరు కూర్చోండమ్మా, పెద్దావిడతో మాట్లాడతాను" అని నా వైపు తిరిగాడు.

"మీ అల్లుడిగారికి ముందునుంచీ ఏదైనా జబ్బు ఉండేదా అమ్మా?"

"లేదయ్యా. రాయిలాగా ఉండేవాడు."

"షుగరు?"

"లేదు."

"ఎప్పుడూ మందులు వాడలేదా?"

"తలనొప్పి బిళ్ళ కూడా ఎరగడు బాబూ."

ఆయన తల ఊపాడు. సంచిలోంచి రెండు కాగితాలు తీసి నా ముందు బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి పసుపు మరక ఉన్న అప్లికేషను. రెండోది ఆసుపత్రిలో ఆ డాక్టరమ్మ రాసిన కాగితం, దాని నకలు.

"ఈ రెండు సంతకాలూ మీవేనా అమ్మా?"

నావే. ఎవరు చూసినా చెప్తారు. అంత వంకర సున్నాలు ఆ జిల్లాలో ఇంకెవరూ పెట్టరు. ఒక కాగితంలో షుగరు లేదని సాక్షిని నేను. ఇంకో కాగితంలో ఆరేళ్ళనుంచి ఉందని చెప్పింది నేను. ఇప్పుడు ఆయన ముఖం మీద మళ్ళీ లేదన్నదీ నేనే. ఆయన గద్దించినా బాగుండేది. గద్దించలేదు. కాగితాలు జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. నేను పెరట్లోకి వెళ్ళి ముఖం మీద నీళ్ళు కొట్టుకున్నాను.

తిరిగొచ్చేసరికి ఆయన చెప్పులు వేసుకుంటున్నాడు. నా కూతురు వాకిట్లో నిలబడి అడుగుతోంది. "షుగరుందని అప్పుడే రాసుంటే మీరు పాలసీ ఇచ్చేవాళ్ళే కాదు కదండీ?"

"ఎందుకివ్వమమ్మా? పరీక్షలు చేయించి, కాస్త ఎక్కువ కట్టించుకుని ఇచ్చేవాళ్ళం. షుగరున్నవాళ్ళు ఎంతమంది కట్టుకోవటం లేదు? రాసుంటే ఇవాళ నేను మీ ఇంటికి వచ్చే పనే ఉండేది కాదు" అన్నాడు.

స్కూటరు వెళ్ళిపోయింది. కూతురు నా ముఖం చూడలేదు. బిందె తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్ళింది. అది అరిచి తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. ఆరోగ్యం గురించిన నిజాలు దాచిపెట్టినందున క్లెయిము ఇవ్వలేమని అందులో ఉంది. పైవాళ్ళకు మళ్ళీ రాసుకున్నాం, గుంటూరు ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాం. అక్కడి గుమాస్తా మూడోసారి పాపం విసుక్కోకుండానే చెప్పాడు. "మీ సంతకాలే మీకు అడ్డమమ్మా." జవాబు మారలేదు.

ఆ తర్వాత తమ్ముడు మా ఇంటికొచ్చాడు. కాఫీ పెట్టలేదు. పీట కూడా వెయ్యలేదు.

"అందరూ ఇట్లాగే రాస్తారక్కా. నా దగ్గర కట్టినోళ్ళలో సగం మందికి ఏదో ఒకటి ఉంది. నేనెవరిదీ రాయలేదు" అన్నాడు.

"పోయినోళ్ళలో ఎంతమందికి వచ్చిందో చెప్పు."

"అంత తొందరగా పోతారని ఎవరనుకుంటారు?"

"మరి పాలసీ దేనికి రా? పోరని చెప్పి కట్టించుకున్నావా?"

"దీపం ముందు చదవొద్దన్నది నువ్వేగా!" అన్నాడు.

అన్న మాట నిజమే. అందుకే వాణ్ణి కొట్టడానికి లేచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. వాడి కమిషను వాడికి మొదటి ఏడాదే వచ్చేసింది. నా పొదుపు నాకు మిగిలింది. ఏం పొదుపు! ఏడాదికి కాస్త ఎక్కువ కట్టాల్సి వస్తుందని వెనకాడి, కూతురి రెండెకరాలు ఊడగొట్టాను. డబ్బు దగ్గర జాగ్రత్త గల మనిషినని ఊళ్ళో నాకు పేరు. ఆ పేరు వింటే ఇప్పటికీ నాకు వెగటు.

పొలం అమ్మేశారు. కూతురు పిల్లల్నీ, అత్తగారినీ తీసుకుని గుంటూరు చేరింది. రెండు గదుల రేకుల ఇల్లు. మిరప గోడౌనులో తొడిమలు తీసే పనికి కుదిరింది. పొద్దున పోతే చీకటిపడే వేళకు రాక. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఆ ఘాటు లోపలికి పోతుంది. నేను వెళ్ళినప్పుడు చూశాను, పిల్లలు కూడా దాన్ని దూరం నుంచే పలకరించేవాళ్ళు. తల్లి స్నానం చేసొచ్చేదాకా దగ్గరికి పోయేవాళ్ళు కాదు, తుమ్ములు. మూడు నాలుగేళ్ళు గడిచేసరికి దానికి ఆయాసం మొదలైంది. మెట్లెక్కితే నిలబడి ఊపిరి తీసుకోవాల్సిందే.

పెద్దమనవరాలు పదో తరగతికి వచ్చిన ఏడాది కూతురు నన్ను రమ్మని కబురు పెట్టింది. వెళ్తే ఇంట్లో ఒక పాలసీల ఆవిడ కూర్చుని ఉంది. గోడౌన్ల చుట్టూ తిరిగి ఆడకూలీల చేత కట్టిస్తుందట. కూతురు తన పేరు మీద పాలసీ తీసుకుంటోంది. "నాకేదన్నా అయితే పిల్లల చదువు ఆగకూడదు" అంది. మా తమ్ముణ్ణి పిలవలేదు. పిలుస్తుందని నేనూ అనుకోలేదు.

"నన్నెందుకు పిలిచావే?" అన్నాను.

"చిన్నప్పటి సంగతులు నీకే తెలుసు గనక."

అప్పటికి నాకు అర్థం కాలేదు. మంచం మీద వియ్యపురాలు కూర్చుని వక్కలు కత్తిరించుకుంటోంది. కూతురు అప్లికేషను తన చేతిలోకి తీసుకుని, మొదట రోగాల పేజీయే తెరిచింది. ఒక్కొక్క ప్రశ్నా పైకి చదవడం, జవాబు చెప్పడం, పాలసీల ఆవిడ చేత రాయించడం, రాసింది తిరిగి చూసుకోవడం. మంచాన ఉన్న ముసలావిడ ప్రతి ప్రశ్నకూ "రామ రామ" అనుకుంటోంది.

"ఊపిరితిత్తుల జబ్బు, ఆయాసం, ఉబ్బసం. ఉంది, రాయండి" అంది కూతురు.

పాలసీల ఆవిడ నవ్వింది. "మిరపకాయల్లో పనిచేసేవాళ్ళకు ఆయాసం లేందెవరికమ్మా? నాకూ ఉంది. అది రోగం కిందకు రాదులే."

"ఎవరి లెక్కలో రాదు?"

"మన లెక్కలో."

"డబ్బిచ్చేది మన లెక్క ప్రకారం కాదు కదండీ. రాయండి. ఎన్నాళ్ళనుంచో కూడా రాయండి. ఏ డాక్టరు దగ్గరికి పోయానో, ఏం మందు పీలుస్తున్నానో కూడా."

ఆవిడ రాసింది. పేజీ చివరికొచ్చారు. కూతురు చదివింది. "మూర్ఛ, ఫిట్లు, నరాల జబ్బు. ఎప్పుడైనా వచ్చాయా?" చదివి నా వైపు చూసింది. "అమ్మా, చిన్నప్పుడు నాకేమన్నా జబ్బులు చేశాయా?"

నేను ముందు మంచం వైపు చూశాను.

దానికి మూడో ఏట మొదలైంది మూర్ఛ. జ్వరం ఉన్నా లేకపోయినా వచ్చేది. కళ్ళు తేలేసి కొట్టుకునేది. మంగళగిరి వైపు ఒక పెద్ద డాక్టరు దగ్గరికి చీకటితోనే తీసుకుపోయి, చూసినవాళ్ళకు కొండకు మొక్కు తీర్చడానికి వెళ్ళామని చెప్పేవాళ్ళం. ఏడేళ్ళు వచ్చేసరికి తగ్గిపోయింది, మళ్ళీ రాలేదు. మా ఆయనా నేనూ తప్ప ఇంకెవరికీ తెలియదు. పెళ్ళిచూపుల్లో పిల్ల ఆరోగ్యం గురించి అడిగితే బంగారం లాంటి పిల్లని చెప్పాం. అడిగింది ఈ వియ్యపురాలే. ఆమే ఇప్పుడు మూడడుగుల దూరంలో వక్కలు కత్తిరిస్తోంది. నా కూతురికి కూడా ఆ సంగతి తెలియదు.

లేదని నోటిదాకా వచ్చింది. అలవాటైన మాట, తనంతట తనే వస్తుంది. కూతురు ఇంకా నా వైపే చూస్తోంది.

"మూర్ఛ వచ్చేది నీకు. మూడో ఏటినుంచి ఏడో ఏటిదాకా" అన్నాను.

అడకత్తెర ఆగింది.

"ఏంది వదినా అంటన్నావ్?" అంది వియ్యపురాలు.

"అప్పుడే తగ్గిపోయింది. మళ్ళీ రాలేదు."

"తగ్గినమాట సరే. పెళ్ళిచూపుల్లో నేను నోరు తెరిచి అడిగాను గదా! నా కళ్ళల్లోకి చూసి బంగారమన్నావే! ఎంత గుండె నీకు! ఇన్నేళ్ళు నా ఇంట్లో తిని, నా చేత కాళ్ళకు నీళ్ళిప్పించుకుని..."

"అత్తయ్యా," అంది కూతురు, గొంతు పెంచకుండా. "మీరూ అమ్మా తర్వాత తీరిగ్గా తిట్టుకోండి. ముందు దీన్ని రాయనివ్వండి."

పాలసీల ఆవిడ పెన్ను మూత పెట్టేసింది. "అమ్మా, నా మాట విను. ఆయాసం వరకూ పర్లేదు. ఎప్పుడో చిన్నప్పుడొచ్చి పోయినదాన్ని ఇందులో ఎక్కిస్తే, కంపెనీ వాళ్ళు అసలు వద్దన్నా అనొచ్చు."

"వద్దంటే ఇప్పుడే అంటారు కదండీ, నేను బతికుండగా. ఇంకో దారి చూసుకుంటాను. నేను పోయాక నా పిల్లల్ని నిలబెట్టి వద్దంటే వాళ్ళేం చేస్తారు? రాయండి."

ఆవిడ రాసింది. వియ్యపురాలు వక్కల పళ్ళెం పక్కకు నెట్టి గోడవైపు తిరిగి పడుకుంది. ఆవిడ కోపంలో తప్పేముంది? కొడుకు జబ్బు ఊరికి తెలియకుండా దాచింది ఆవిడ, కూతురి జబ్బు ఆవిడకు తెలియకుండా దాచింది నేను. పెళ్ళి పేరు చెప్పి ఎవరింటి రోగాలు వాళ్ళం మూటగట్టుకున్నాం. ఆ మూటలు పిల్లల మీద వచ్చి పడ్డాయి.

కంపెనీ వాళ్ళు డాక్టరు దగ్గరికి పంపారు. ఊపిరి పరీక్షలు, తల పరీక్షలు. గోడౌనులో నాలుగు రోజుల కూలి పోయింది. మంగళగిరి డాక్టరు కాగితాలు ఏమన్నా ఉన్నాయా అని అడిగారు. నేను పాత ట్రంకు పెట్టె అడుగునుంచి ఒక చీటీ వెతికి తెచ్చి ఇచ్చాను. మూడు నెలలు ఏ కబురూ లేదు. పాలసీల ఆవిడ కనపడినప్పుడల్లా "నేను చెప్పాను కదమ్మా" అనేది. నేనూ లోపల అదే అనుకునేదాన్ని. నిజం చెప్పినందుకు ఈ పిల్లకు మళ్ళీ మొండిచెయ్యి చూపిస్తారేమోనని భయపడ్డాను. కూతురు మాత్రం ఆ మూడు నెలలూ ఒక్కసారి కూడా ఆ ప్రస్తావన తేలేదు, నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

చివరికి ఇచ్చారు. మామూలుకన్నా ఎక్కువ కట్టాలన్నారు. కూతురు బేరమాడలేదు. పాలసీ కాగితాల వెనక అప్లికేషను నకలు కూడా కుట్టి పంపారు. ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి గడప దగ్గర వెలుతురులో కూర్చుని దాన్ని వేలు పెట్టి చదువుతోంది. ఒకచోట ఆగింది. మూర్ఛ ఐదో ఏటిదాకా అని రాసి ఉంది.

"ఏడు అని కదా నువ్వు చెప్పింది?"

"ఏడే. రెండేళ్ళ తేడాకు ఏమవుద్దిలేవే" అన్నాను. ఆ మాట అని నాలిక కొరుక్కున్నాను. ఇంత జరిగాక కూడా నాకు బుద్ధి రాలేదు.

అది పెద్దమనవరాలి నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, తప్పు దిద్దమని కంపెనీకి ఉత్తరం రాసింది. మర్నాడు రిజిస్టరు పోస్టులో వేస్తానంది. తర్వాత పిల్లలిద్దర్నీ పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి, ఆ పేజీ అంతా వాళ్ళకు చదివి వినిపించింది. ఆయాసం, పీల్చే మందు, చిన్నప్పటి మూర్ఛ, ఏదీ వదల్లేదు. మంచం మీద వాళ్ళ నాయనమ్మ గోడవైపే తిరిగి ఉంది, కానీ వింటూనే ఉంది.

"ఈ కాగితం బియ్యం డ్రమ్ము మీద ఆకుపచ్చ సంచిలో ఉంటుంది. ఎవరొచ్చి ఏమడిగినా ఇందులో ఉన్నదే చెప్పండి. మీరు కొత్తగా నేర్చుకుని చెప్పాల్సిందేమీ లేదు" అంది.

చిన్నది తల్లి చెయ్యి పట్టుకుంది. "ఆయాసం ఉంటే నువ్వు చచ్చిపోతావా అమ్మా?"

మా చిన్నప్పుడైతే అలా అడిగిన పిల్ల వీపు మీద ఒకటి పడేది. నా చెయ్యి కూడా కదిలింది.

"ఎప్పుడో ఒకప్పుడు అందరం పోతాం. ఇప్పుడే కాదులే" అంది నా కూతురు. "పోయినా మీరు మాత్రం బడి మానక్కర్లేదు."